తూర్పు పాడు

నెల్లూరు కోస్తాకి వెళ్తున్నానని చెబితే మా హనుమకొండలో అందరూ చేపల పులుసు సంగతే అడిగారు. తిరిగొచ్చాక కూడా అదే అడుగుతున్నారు. తిన్నాను, బాగుంది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నేను వెళ్లింది మాత్రం పులుసు కోసం కాదు, ఇద్దరు విద్యార్థుల కోసం.

మాది చిన్న శిక్షణ కేంద్రం. ఊళ్లలో కుర్రకారుతో, ఆడవాళ్లతో, వీధి సంఘాలతో పనిచేయబోయే వాళ్లకి రెండేళ్లు చదువు చెబుతాం. చదువంటే సగం పుస్తకాలు, సగం జనం. రెండో ఏడాది చివర్లో ఒక్కొక్కరూ తమది కాని ఊళ్లో మూడు నెలలు ఉండి పని నేర్చుకోవాలి. అందుకు మేం ఒప్పుకుంటే చాలదు, ఆ ఊరు ఒప్పుకోవాలి. ఊరి పెద్ద కాగితం మీద సంతకం పెట్టాలి.

స్వప్నకి ఆ బెంగ లేదు. మాట తక్కువ, రాత ఎక్కువ. ఎక్కడ కూర్చున్నా ఒళ్లో నోటు పుస్తకం ఉంటుంది. కొడవలూరు దగ్గరి ఊరు ఒకటి ఆమెని ఫోన్లోనే ఒప్పేసుకుంది. బెంగంతా యాదగిరితోనే. ఇరవై ఏడేళ్లవాడు, బ్యాండు మేళంలో పాడేవాడు, ఆ పని మానుకుని మా దగ్గరకు వచ్చాడు. తన ఊళ్లో మూతపడ్డ గ్రంథాలయాన్ని తెరిపించి కుర్రవాళ్లని పోగు చెయ్యాలని అతని కోరిక. మంచివాడు, కానీ నోరు ఆగదు. ప్రశ్న అడిగి, అవతలివాడు గొంతు సవరించుకునేలోపు జవాబు కూడా తనే చెప్పేస్తాడు. పోయినేడు ఒక ఊరు అతన్ని ఇరవై రోజులకే వెనక్కి పంపింది. 'పిల్లగాడు మంచోడే గానీ మమ్ముల మాట్లాడనియ్యడు' అని ఆ ఊరి సర్పంచి నాకు ఫోన్ చేసి చెప్పింది. మా కేంద్రంలో ఒక నియమం ఉంది. రెండుసార్లు వెనక్కి వస్తే ఇక సర్టిఫికెట్ లేదు. ఇది రెండోసారి.

అందుకని బయల్దేరేముందు అతన్ని కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను. "ఎవరైనా చెప్పు అంటే తప్ప చెప్పకు. పాడు అంటే తప్ప పాడకు." ఇరవై రెండేళ్లుగా ఈ పని నేర్పుతున్నదాన్ని, నా మాట మీద నాకు బోలెడంత నమ్మకం.

కొడవలూరులో పిలకాయలు

కొడవలూరు చుట్టూ ఎటు చూసినా వరి. హైవే మీద లారీల రొద, రెండడుగులు పక్కకి దిగితే మోటారు నీళ్ల చప్పుడు. మమ్మల్ని రమ్మన్నది దేవదానం గారు. దర్జీ పని చేస్తారు, రెండెకరాలు కౌలుకి పండిస్తారు, వాళ్ల చర్చిలో కుర్రవాళ్ల కూడిక నడుపుతారు. స్వప్న ఉండబోయేది వీళ్ల ఊళ్లోనే.

"మా పిలకాయలు ఇప్పుడే వచ్చేస్తారు మేడం, కూసోండి" అన్నారాయన. స్వప్న వెంటనే సంచిలోంచి రంగు పెన్సిళ్లు, చాక్లెట్లు తీసి బల్ల మీద సర్దింది. పది నిమిషాలకి మీసాలున్న ఐదుగురు మగవాళ్లు సైకిళ్ల మీదా మోపెడ్ల మీదా దిగారు. ఒకాయనకి చెవుల దగ్గర నెరుపు కూడా వచ్చింది. నెల్లూరు వైపు పిలకాయలంటే చిన్నపిల్లలూ అవుతారు, 'మా వాళ్లు' అనుకున్న పెద్దవాళ్లూ అవుతారని అప్పుడు తెలిసింది. రంగు పెన్సిళ్లు మళ్లీ సంచిలోకి పోయాయి. చాక్లెట్లు మాత్రం పిలకాయలు శుభ్రంగా తిన్నారు.

చర్చి లెక్కలో వీళ్లు యౌవనస్థులు. పెళ్లయ్యేదాకా ఎవరైనా యౌవనస్థులే, పెళ్లయిన మర్నాటినుంచీ పురుషుల కూడికలోకి పోవాలి. నెరిసిన ఆయన పేరు ప్రసాదు. నలభై ఒక్కటి నిండాయి, ఇంకా యౌవనస్థుల నాయకుడే. తోటివాళ్లు ఆ మాట మీద ఆటపట్టిస్తే ఆయన కూడా నవ్వుతున్నాడు. మా వైపు యూత్ అంటే చందా పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాళ్లని అర్థం, ఇక్కడ సంగతి వేరు. శనివారం మధ్యాహ్నాలు వీళ్లంతా చర్చి వరండాలో కూర్చుని ఊళ్లోవాళ్ల ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తారు. హిందువులవీ ముస్లిములవీ అందరివీ వస్తాయి. పుణ్యానికే చేస్తారు, విడిభాగం కొనాల్సి వస్తే ఎవరి ఫ్యానుకి వాళ్లు కొనుక్కోవాలి.

ఇది ఎవరి ఆలోచన అని దేవదానం గారిని అడిగాను. ఆయన గుండీ కుట్టుకుంటూనే చెప్పారు. "కూసోబెట్టి మాట్లాడదామంటే ఒక్కడు రాడు మేడం. చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చినామంటే ఇంట్లో చెప్పుకోని మాట కూడా చెప్పేస్తారు."

మేము ఒక సెమిస్టరంతా చెప్పే పాఠం అది. ఆయన ఒక గుండీ కుట్టేలోపు చెప్పారు. నాకు కాస్త కుళ్లు పుట్టిన మాట నిజం.

యాదగిరి ఆ మధ్యాహ్నమంతా ఒక ఫ్యాను రెక్కలు తుడుస్తూ కూర్చున్నాడు. రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ నా వైపు చూసి మూసేశాడు. దేవదానం గారి భార్య సుగుణమ్మ గారు నన్ను పక్కకి పిలిచి, ఆ అబ్బాయికి గొంతు నొప్పా అని అడిగారు. మిరియాల పాలు కూడా ఇచ్చారు. నొప్పి లేదని చెబితే మాట్లాడినట్టవుతుందని అతను మాట్లాడకుండా తాగేశాడు.

రాత్రి భోజనంలో వంకాయలో చింతపండు, చారులో చింతపండు, పచ్చడిలో చింతపండు. మా ఇంట్లో పులుపుకి టమాటాతో సరిపెట్టుకుంటాం. రెండో రోజుకి నా నాలుక అలవాటుపడింది, నాలుగో రోజుకి చింతపండు లేనిదే ముద్ద దిగలేదు.

నాయుడుపేటలో తప్పిన బస్సు

నాయుడుపేట చుట్టుపక్కల పల్లెలన్నిటికీ సంత. బస్టాండు ఎదురుగా చిన్న హోటల్లో కారం దోసె తిన్నాం. నలభై రూపాయలు. ఎర్ర కారం, దాని మీద పప్పుల పొడి, దాని మీద ఇంత నెయ్యి. మా వైపు దోసెలో ఆలుగడ్డ పెట్టి దాన్ని జోకొడతారు, ఇక్కడ దోసె నిద్రపోతున్న మనిషిని లేపుతుంది. యాదగిరి కళ్లు తుడుచుకుంటూ మూడు తిన్నాడు.

అక్కడినుంచి చిట్టమూరు వైపు పోవాలి. స్వప్న ఎవరినైనా అడుగుదామంది. నేను పదిసార్లు తిరిగినదాన్నిలా ఒక బస్సు చూపించి ఎక్కించాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకాన్ని నేను, మా ఆయన ముప్పై ఏళ్లుగా ఈ మాట అంటున్నారు. టికెట్ కొట్టేటప్పుడు తేలింది, అది కాళహస్తి బస్సు. కండక్టరు మందలించి రెండో స్టాపులో దింపేశాడు.

అక్కడ స్టాపులో ఒకావిడ బస్సు కోసం నిలబడి ఉంది. యాభై దగ్గర ఉంటాయి, నెత్తిన ఖాళీ గంప. పేరు నాగమ్మ. ఎండు రొయ్యలు అమ్ముకుని తిరిగిపోతోంది. మేం పోవాల్సిన ఊరి పేరు చెబితే నవ్వింది. అది ఆమె ఊరే. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. "నాతో రాండి, ఈసారి నేను ఎక్కమన్నది ఎక్కండి" అంది.

సరైన బస్సులో స్వప్న నాగమ్మ పక్కన కూర్చుంది. గంటన్నర ప్రయాణంలో నాగమ్మ తన సంసారం సగం చెప్పేసింది. మొగుడు రమణయ్య సరస్సులో వల వేస్తాడు. ఉన్న ఒక్క కొడుకు శ్రీసిటీలో ఫ్యాక్టరీ పనికి పోతాడు. మాటల్లో ఒకచోట, "రెండేళ్లయింది మాకు మంచి పాడు రాక" అంది. స్వప్న అది రాసుకుని, కింద గీత గీసి, నా వైపు వంగి మెల్లిగా అడిగింది. మంచి పాడంటే ఏంటి మేడం అని.

నాకు తెలియకపోవడమా. పాడంటే పాడైపోవడం అని చెప్పాను. బతుకు పాడైపోయిందని నేరుగా చెప్పుకోలేక 'మంచి పాడు' అని వెటకారంగా అంటోందని, మత్స్యకారుల నుడికారంలో ఇలాంటి చేదు హాస్యం ఉంటుందని వివరించాను. ఆ సాయంత్రం నా డైరీలో దీని మీద ముప్పాతిక పేజీ రాసుకున్నాను కూడా. ఇప్పుడు తీసి చదివితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

చిట్టమూరు దాటాక, నీళ్ల ఒడ్డున

చిట్టమూరు దాటాక పొలాలు పలచబడి, ఉప్పు వాసన మొదలై, చెట్లు పొట్టివవుతాయి. చివరికి రోడ్డు ఆగిపోయి నీళ్లు కనిపిస్తాయి. మాకు నీళ్లంటే చెరువు. అవతలి కట్ట కనపడని చెరువుని చూసి యాదగిరి ఒక మాట అనబోయి గుటక వేశాడు. ఫ్లెమింగోలు చూశారా అని అందరూ అడుగుతున్నారు. చూశాం, చాలా దూరంగా, గులాబీ రంగు గీతలాగా. ఊళ్లోవాళ్లు వాటి వైపు తల కూడా తిప్పరు.

ఊరి పెద్ద పోలయ్య గారు. డెబ్భై ఏళ్లు, సన్నటి మనిషి, నిలబడితే కర్ర పాతినట్టుంటారు. మూడు రోజులు ఉండి చూసుకోండి, మేమూ మిమ్మల్ని చూసుకుంటాం, ఆ తర్వాత సంతకం సంగతి అన్నారు. మాకు తుఫాను షెల్టరు తెరిచి ఇచ్చారు. తిండి నాగమ్మ ఇంట్లో. ఆమె పీతల పులుసు పెట్టి, పీత కాలు ఎలా విరవాలో, లోపలి కండ ఎలా లాగాలో నా పక్కన కూర్చుని చిన్నపిల్లకి నేర్పినట్టు నేర్పింది. ఎవరో ఒకరు నాకు పాఠం చెప్పి చాలా ఏళ్లయింది, బాగుంది. రమణయ్య మాత్రం మాటల మనిషి కాడు. మేం తింటున్నంతసేపూ గుమ్మంలో కూర్చుని వల అల్లుకున్నాడు.

ఆ ఊళ్లో యాదగిరి బంగారంలా ఉన్నాడు. ఒడ్డున కూర్చుంటే కూర్చున్నాడు, పడవ తొయ్యమంటే తోశాడు. మొదటి సాయంత్రం పరుగులాంటి నడకతో షెల్టరుకి వచ్చి, "మేడం, పెద్దాయన నన్ను రేపు పొద్దుగాల పాడమన్నడు" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. "రేపు పొద్దున పాడు, షెడ్డు కాడికి రా అన్నడు. గంతే" అన్నాడు.

నేను పొంగిపోయాను. చూశావా, నోరు మూసుకుంటే జనమే అడుగుతారు అన్నాను. ఏ పాట పాడాలో కూడా నేనే ఎంచాను. తన ఊరి చెరువు నిండినప్పుడు అతనే కట్టిన పాట ఒకటుంది, నీళ్ల పాట కాబట్టి సరిగ్గా సరిపోతుందనుకున్నాం. స్వప్న ఒక్కతే పుస్తకంలోంచి తలెత్తి, ఆయన 'నువ్వు పాడు' అన్నారా, ఉత్త 'పాడు' అన్నారా, నిన్ను పాడమన్నట్టేనా అని సాగదీసింది. పెద్దాయన కుర్రవాణ్ణి నువ్వు అనక మరేమంటారని నేనే నోరు మూయించాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా.

షెడ్డు దగ్గర

మర్నాడు ఏడింటికి, రొయ్యలు కాటా వేసే రేకుల షెడ్డు కింద ఊళ్లో మగవాళ్లందరూ వలయంగా కూర్చున్నారు. ఆడవాళ్లు బయట నిలబడ్డారు. మధ్యలో పసుపు రాసిన మట్టికుండ, మూతికి తెల్లగుడ్డ. పోలయ్య గారు పోలేరమ్మ పేరు చెప్పి కర్పూరం వెలిగించారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. చుట్ట ముట్టించుకున్నవాళ్లు కూడా ఆర్పేశారు. ఇంత భక్తిగా పాట వినే ఊరు ఎక్కడుంటుందని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. యాదగిరి మంచి ఎర్రచొక్కా తొడుక్కుని రమణయ్య పక్కన కూర్చున్నాడు.

పోలయ్య గారు గుడ్డ కింద చెయ్యి పెట్టి ఒక చీటీ తీశారు. విప్పి చదివి, తలెత్తి, యాదగిరి వైపూ రమణయ్య వైపూ చూశారు.

"తూర్పు పాడు" అన్నారు.

యాదగిరి లేచాడు. చుట్టూ చూసి తూర్పు ఎటో పోల్చుకుని, సూర్యుడి వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, గొంతెత్తి పాట అందుకున్నాడు.

బ్యాండు మేళంలో మైకు లేకుండా పాడిన గొంతు అది. రేకులు మోగాయి. ఒక చరణం పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు. రెండో చరణం మొదట్లో అతనికే ఏదో తేడాగా అనిపించి, ముక్క మధ్యలో ఆగిపోయాడు. బయట ఒక ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతోందనుకున్నాను. కాదు, అది నాగమ్మ.

"అయిపాయ" అన్నాడు ఎవరో. పోలయ్య గారు చేతిలోని చీటీలో ఉన్న పేరు, రమణయ్య, అని ఒక్కసారి పైకి చదివి, దాన్ని మడిచి మళ్లీ కుండలో వేశారు.

సంగతి నాకు పక్కన నిలబడ్డ ముసలమ్మ చెప్పింది. సరస్సులో రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి. బలమున్నవాడు ముందు పోయి ఆక్రమించుకోకుండా, నెలకొకసారి చీటీలు తీసి చోట్లు పంచుకుంటారు. ఆ చోటునీ, ఆ వంతునీ కలిపి పాడు అంటారు. తూర్పు పాడంటే అన్నిటిలోకీ మంచి చోటు. కుండకి గుడ్డ కట్టినప్పటినుంచి ఆఖరి చీటీ తీసేదాకా పెద్ద తప్ప ఎవరూ నోరు మెదపకూడదు. మెదిపితే తీసిన చీటీ చెల్లదు, మొదటినుంచి తియ్యాలి. ఆ చీటీలో ఉన్నది రమణయ్య పేరు. రెండేళ్ల తర్వాత మొదటిసారి.

మళ్లీ తీశారు. తూర్పు పాడు ఇంకొకరికి పోయింది. ఆయన సంతోషించలేక తల దించుకున్నాడు. రమణయ్యకి ఒడ్డు పక్కన నాచు పేరుకున్న చోటు వచ్చింది.

మధ్యాహ్నం, మర్నాడు

అందరూ లేచాక నేను పోలయ్య గారి దగ్గరికి పోయి సర్దిచెప్పడం మొదలుపెట్టాను. మా వైపు పాడు అంటే పాట పాడు అని, మా కుర్రాడు అమాయకుడని, శిక్షణలో ఇలాంటివి సహజమని. సహజమనే మాట దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపారు.

"పాడంటే ఏందో తెలవకపోతే అడిగుండొచ్చు గదమ్మా."

ఆమె అడిగింది, అన్నాను. స్వప్న వైపు చూపించాను. ఎవరిని అడిగిందన్నారు. నన్ను, అన్నాను.  ఇరవై రెండేళ్లుగా నేను పిల్లలకి చెప్పే మొదటి పాఠం, తెలియని మాట వినబడితే అన్నవాళ్లనే అడగండి అని.  నాగమ్మ ఆ బస్సులో స్వప్న పక్కనే ఉంది. ఆమెని ఒక్క మాట అడగలేదు.

నా భయమంతా యాదగిరి గురించి. ఎంత తప్పు జరిగితే అంత పెద్ద ఉపన్యాసం చెప్పడం అతని తీరు. పోయినేడు అందుకే వెనక్కొచ్చాడు. ఊరంతా తిరిగి ఇంటింటికీ క్షమాపణ చెబుతున్నాడేమో అనుకుంటూ వెతుక్కుంటూ వెళ్లాను. రమణయ్య ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. రమణయ్య వల ఒక కొస దగ్గర కూర్చుని చిరుగులు కుడుతున్నాడు, యాదగిరి రెండో కొస బిగించి పట్టుకున్నాడు. ఇద్దరూ మాట్లాడటం లేదు. ఎర్రచొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. మూడు గంటలు అలాగే ఉన్నాడని ఎదురింటివాళ్లు చెప్పారు.

మధ్యాహ్నం నాగమ్మ మాకు అన్నం పెట్టింది. ఎప్పట్లాగే కొసరి పెట్టింది. కలిపిన ముద్ద పక్కన పెట్టి, తప్పు నాది నాగమ్మా అన్నాను. ఆమె నా విస్తరిలో ఇంకో పీత వేసి, "తినండి ముందు" అంది. తింటుంటే, "కుండలో ఉండేది మన చేతిలో ఉండదు. కానీ నా మొగుడి పేరు పెద్దాయన నోటి నించి వచ్చింది. నేను ఇన్నాను" అంది. 

మర్నాడు తెల్లారకముందే రమణయ్యతోపాటు యాదగిరి పడవెక్కాడు. పిలిచారా అని తర్వాత అడిగితే, పిలవలేదు, వద్దనలేదు అన్నాడు. ఒడ్డునుంచి కనిపించేంత దూరమే వాళ్ల చోటు. నడుం లోతు నీళ్లలో దిగి ఇద్దరూ నాచు లాగి కుప్పలు పోస్తున్నారు. ఒక్క పూటలో అయ్యే పని కాదు. ఆ రోజు నాలుగు గుప్పెళ్ల రొయ్యలు పడ్డాయి. తూర్పు పాడు ఆసామి గంపెడు తెచ్చాడు.

ఆఖరి రోజు

మూడో రోజు సాయంత్రం అదే షెడ్డు కింద పెద్దలు ఐదుగురు కూర్చున్నారు. నా చేతిలో సంతకం కాగితం ఉంది. బయటికి తియ్యడానికి మొహమాటంగా ఉంది. యాదగిరికి వెనక్కి పోవడమే మిగిలిందని నాకు ఖాయంగా తెలుసు. దారిలో అతనికి ఏం చెప్పాలో, ఇంకెక్కడ పని చూపించాలో మనసులో అప్పటికే వరస కట్టుకున్నాను.

పోలయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"కుండ కాడ తప్పు జరిగింది. కుండ కాడ జరిగిన తప్పు కుండ కాడే తీర్చాల. ఇది మా పెద్దోళ్ల కాలం నించి ఉండే కట్టు. వచ్చే మూడు పాడులకి కుండ ఈ పిలకాయే పట్టుకోవాల. కుండ పట్టుకునేవోడు ఊరు దాటకూడదు."

పక్కనున్న పెద్దలు నలుగురూ అవునన్నట్టు తల ఊపారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. నేను శిక్ష విన్నట్టే విన్నాను. స్వప్న నా మోచేతి మీద గిల్లింది. నెలకొక పాడు. మూడు పాడులంటే మూడు నెలలు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. కాగితం తీసి ఇచ్చాను. పోలయ్య గారు కలం తీసుకుని, సంతకం చోట పెట్టి, ఆగారు. కట్టు ప్రకారం నష్టపోయినవాడు సరేననాలి అన్నారు.

షెడ్డు చివర్లో రమణయ్య గుంజకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. యాదగిరి లేచి అతని ముందుకి పోయాడు.

"రమణయ్యన్నా, నేనీడ ఉంటే నీకు ఇష్టమేనా?"

రమణయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. బయట నీళ్ల వైపు చూశాడు. నిమిషం అయ్యుంటుంది, ఇంకా ఎక్కువే అయ్యుంటుంది. ఎవరో దగ్గారు. ఇష్టం లేకపోతే ఫరవాలేదని, అతని బాధ మాకు అర్థమవుతుందని, రెండు మూడు చక్కటి వాక్యాలు నా నాలుక మీదికి వచ్చాయి. మింగేశాను. యాదగిరి పెదవి కదలలేదు. ప్రశ్న అడిగి, చేతులు వెనక్కి కట్టుకుని, రమణయ్య ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపైనా అలా నిలబడేలా ఉన్నాడు.

"తెల్లారి నాలుగింటికి లెయ్యాల" అన్నాడు రమణయ్య చివరికి. "ఒక్కసారే పిలస్తా."

పోలయ్య గారు సంతకం పెట్టారు.